రాయ్‌పూర్ మ్యూజియం దాతల నమోదు కోసం బహిరంగ లేఖ

ఛత్తీస్‌గఢ్ పురావస్తు శాఖ సంచాలకుల వారికి,

1875లో రాజనందగావ్ సంస్థానాధీశుడు మహంత్ ఘాసీదాస్ ఔదార్యంతో రాయ్‌పూర్‌లో వెలిసిన మ్యూజియానికి ఆ వంశానికే చెందిన రాణి జ్యోతీదేవి, ఆమె కుమారుడు దిగ్విజయ్‌దాస్ కొత్త భవనాన్ని సమకూర్చగా, 1953లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దానిని ప్రారంభించారు.

అక్కడి కిరారీ కొయ్య స్తంభం తెలుగువారికి మరీ ఆత్మీయమైనది. 1921లో కిరారీ గ్రామపు చెరువు ఎండినప్పుడు బయటపడిన ఆ స్తంభంపై, శాతవాహన యుగపు బ్రాహ్మీ లిపిలో, సేనాపతి, భాండాగారికుడు (ఖజానా అధికారి) వంటి ఉద్యోగుల హోదాలు ఉండేవి. గాలీ ఎండా తగిలి చెక్క పెచ్చులూడి అక్షరాలు చాలావరకు రాలిపోగా, స్థానిక పండితుడొకరు అంతకుముందే రాసుకున్న నకలే పరిశోధకులకు ఆధారమైంది. భవనమిచ్చిన రాజకుటుంబం ఎంత దాతో, ఆ నకలు నిలిపిన పండితుడూ అంతే దాత.

కనుక సేకరణ చరిత్ర, అంటే వస్తువు ఎక్కడ దొరికి, ఎవరి చేతుల మీదుగా మ్యూజియానికి చేరిందో తెలిపే నమోదు, ఈ స్తంభంతోనూ సిర్పూర్ కంచు విగ్రహాలతోనూ మొదలుపెట్టి ప్రతి వస్తువు పక్కనా హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు నగరంలోని తెలుగు కుటుంబాల కోసం తెలుగులోనూ కనిపించేలా శాఖ చూడాలి; తామిచ్చిన వస్తువుతోపాటు దాని వివరమూ భద్రంగా ఉంటుందన్న నమ్మకం కుదిరితేనే నేటి సేకర్తలు ఇళ్లలోని నాణేలను, తామ్రశాసనాలను అప్పగించడానికి ముందుకొస్తారు.