మాత్రతోపాటు మాట గూడ అందవలయును

బోదకాలు వ్యాధిని రూపుమాపుటకై ఆశా కార్యకర్తలు ఇంటింటికి వచ్చి, డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను తమ యెదుటనే మింగుడని బతిమాలు దినములలో, పానగల్ వీధులలోనైనను నల్లగొండ జిల్లాలో మరి యే యూరనైనను వినవచ్చు ప్రశ్నలు రెండు: “నాకు రోగమే లేదు గదా, నాకెందుకు?”, “మింగితే జరమొస్తదంట గదా?” ఇవి మౌఢ్యజనితములని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపను. దేహమున ప్రవేశించు పదార్థము ఏమి చేయునని అడుగుట వివేకము. అడిగినవానికి చెప్పకుండుటయే లోపము.

ఔషధము దేహమును ఏమి చేయును, దేహము ఔషధమును ఏమి చేయును అను రెండు విచారణలను ఔషధశాస్త్రము వేరుపరచి చూచును. డీఈసీ ప్రేగులనుండి త్వరగా రక్తమున చేరి, అధికభాగము మూత్రమార్గమున రెండు దినములలోనే వెడలిపోవును. రక్తములోని మందు సగమునకు తగ్గుటకు పట్టు కాలమును అర్ధాయువందురు. ఈ మందునకు అది గంటలలో లెక్కింపదగినది. అట్టి క్షణికమైన మందును ఏడాదికొక్కమారు ఇచ్చుట యేల?

దీనికి సమాధానము మొదటి విచారణలో నున్నది. గాజునాళికలో ఈ మందు, బోదకాలు కలిగించు పురుగుల పిల్లలైన సూక్ష్మఫైలేరియాలను దాదాపు ఏమియు చేయజాలదు. రక్తములోనైతే వానిని మన రక్షకకణములకు సులభముగా చిక్కునట్లు చేయును. పిల్లపురుగులు శీఘ్రముగా నశించును గాని, శోషరసనాళములలో ఏండ్లకొలది బ్రదుకు పెద్దపురుగులు అన్నియు చావవు. వాని సంతతి మరల రక్తమును నింపుటకు నెలలు పట్టును. కావుననే ఏటేట మింగవలసియున్నది. కాలు వాయనివాని రక్తమునందును ఈ పిల్లపురుగులుండవచ్చును, క్యూలెక్స్ దోమ వానిని పొరుగింటికి మోయును. రోగము లేదనుకొనువాడు మింగవలసిన కారణమిదియే. ఇదివరకే బలిసిన కాలిని ఈ మాత్ర తగ్గింపదు. ఆ మాట ముందే చెప్పనిచో, మందు పనిచేయలేదను అపవాదు తప్పదు.

ఇక జ్వరము. చచ్చిన పురుగుల పదార్థముపై దేహము తిరుగబడుటచే వచ్చు జ్వరము, తలనొప్పి సామాన్యముగా ఒకటి రెండు దినములలో తగ్గును. పురుగులు మెండుగా నున్నవారికి అది హెచ్చు. మోతాదు మీరుటచే కలుగు విషప్రభావము వేరు. ఆ ప్రమాదమును తప్పించుటకే డీఈసీని రెండు నుండి అయిదేండ్లవారికి 100, ఆరు నుండి పదునాలుగేండ్లవారికి 200, అంతకు పైబడినవారికి 300 మిల్లీగ్రాములని వయస్సునుబట్టి విధించిరి; రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఈయరు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలముననే, 1947 ప్రాంతమున, డీఈసీ అచట వెలువడినది. తెలుగువాని పర్యవేక్షణమున పుట్టిన మందు గుణము తెలుగు పల్లెకు తెలియకుండుట నాకు మిక్కిలి బాధాకరము. మాత్రలు పంచుటకు ముందుదినము బడిలోనో పంచాయతీ యొద్దనో ఈ నాలుగు సంగతులు చెప్పింపవలయును. జ్వరము వచ్చినయింటికి మరునాడే ఏఎన్ఎం పోయి పలుకరింపవలయును.