డౌన్ సిండ్రోమ్ వాక్ అయిపోయింది.. మర్నాడు ఏ ఆఫీసుకు వెళ్లాలి?

ఏటా మార్చి 21న ఫోన్ తెరిస్తే జత కలవని రంగురంగుల సాక్సుల ఫొటోలు, ఒకే రంగు టీషర్టుల్లో నడుస్తున్న కుటుంబాల వీడియోలు కనిపిస్తాయి. ఆ రోజు ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం. మీరూ ఆ నడకలో పాల్గొని ఉండొచ్చు, లేదంటే ఒక లైక్ కొట్టి ఉండొచ్చు. మరి ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంక గ్రామంలోనో అలాంటి బిడ్డ ఉన్న ఇంటికి మర్నాడు ఏం కావాలి? అది ఎక్కడ దొరుకుతుంది?

ఈ నడక ఎలా పెరిగింది?

అమెరికాలోని నేషనల్ డౌన్ సిండ్రోమ్ సొసైటీ 1995లో ‘బడ్డీ వాక్’ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. తొలి ఏడాది 17 చోట్ల జరిగింది. తర్వాత 150కి పైగా ఊళ్లకు పాకింది. ఇందులో గెలుపోటములు లేవు. బిడ్డ ఎంత మెల్లగా నడిస్తే పక్కవాళ్లూ అంత మెల్లగా నడుస్తారు. విరాళాలు వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, ‘మా ఇంట్లోనే ఇలా’ అనుకునే తల్లి, అలాంటి తల్లులు మరో పదిమందిని చూస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2011 డిసెంబరులో తీర్మానం చేసి, 2012 నుంచి మార్చి 21ని అధికారికంగా జరుపుతోంది. మన కణాల్లో 21వ క్రోమోజోమ్ రెండు ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో మూడు ఉంటాయి. అందుకే మూడో నెల, 21వ తేదీ.

ఎవరి తప్పు?

ఎవరిదీ కాదు. మేనరికం వల్ల కాదు, గ్రహణం చూడటం వల్ల అంతకన్నా కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరిగే మాట నిజమే కానీ, చిన్న వయసు తల్లులకూ ఇలాంటి పిల్లలు పుడతారు. ప్రపంచవ్యాప్తంగా 1,000 నుంచి 1,100 కాన్పులకు ఒకరు ఉంటారని ఐరాస అంచనా. ఇది మందులతో పోయే జబ్బు కాదు. కానీ త్వరగా మొదలుపెడితే మాట, నడక, చదువు బాగా మెరుగుపడతాయి. ఇక్కడ పోయేది డబ్బు కన్నా ముందు కాలం.

మొదటి ఏడాదిలో ఏం చేయాలి?

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. కాబట్టి పుట్టగానే ఎకో పరీక్ష తప్పనిసరి. వినికిడి, థైరాయిడ్ పరీక్షలూ వాయిదా వేయకండి. క్రోమోజోమ్ పరీక్ష (కార్యోటైప్) చేయిస్తే, తర్వాతి కాన్పు గురించి డాక్టరు సరిగ్గా చెప్పగలుగుతారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే పుట్టుక లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. సర్కారు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను అక్కడే చూస్తారు. ప్రైవేటులో కాన్పు అయితే మీరే అంగన్‌వాడీలోనో, పీహెచ్‌సీలోనో అడగాలి. అక్కడి నుంచి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) పంపిస్తారు. బడి వయసు వచ్చాక సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి.

రిపోర్టు ఉంటే సర్టిఫికెట్ వచ్చేస్తుందా?

రాదు. చాలా కుటుంబాలు తడబడేది ఇక్కడే. వైకల్య శాతాన్ని క్రోమోజోమ్ రిపోర్టు తేల్చదు. బిడ్డ తెలివితేటలు, రోజువారీ పనులు చేసుకోగల సామర్థ్యం చూసి లెక్కిస్తారు. ఏడాది నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ తర్వాత 5, 10, 18 ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. 18 ఏళ్లకు ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది.

సదరం స్లాట్‌ను సచివాలయంలో గానీ మీసేవలో గానీ బుక్ చేసుకోవచ్చు. 40 శాతం, ఆపైన ఉంటేనే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.6,000 పింఛను వస్తుంది. 2025లో రాష్ట్రమంతటా వైకల్య పింఛన్లను మళ్లీ పరిశీలించినప్పుడు చాలామందికి నోటీసులు వెళ్లాయి. అందుకే పాత కాగితం ఉందిలే అని ఊరుకోవద్దు. గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ‘నిరామయ’ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ దీన్ని నడుపుతోంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. వయసు పరిమితి లేదు, చేరేముందు వైద్య పరీక్షలూ లేవు.

18 నిండాక?

‘మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?’ ప్రతి తల్లీ తండ్రీ లోపల అడుక్కునే ప్రశ్న ఇది. దీనికి చట్టంలో కొంత జవాబుంది. 18 నిండితే తల్లిదండ్రులు కూడా వాటంతటవే సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి వ్యవహారాలు అక్కడే ఆగిపోతాయి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేస్తే, అది సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తల్లిదండ్రులు బతికుండగానే ఈ పని పూర్తిచేయడం మంచిది.

ఏ కలెక్టరు దగ్గరికి?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ ప్రశ్నకూ బరువు పెరిగింది. అంతకుముందు తాడేపల్లిగూడెం వాళ్లకూ ఏలూరే జిల్లా కేంద్రం. ఇప్పుడు భీమవరం వెళ్లాలి. కైకలూరు అదే విభజనలో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

లంక గ్రామాల వాళ్లకు దూరమే అసలు ఖర్చు. థెరపీ ఒక్కసారితో అయ్యేది కాదు, వారం వారం వెళ్లాలి. చేపల చెరువు మీద కూలికి వెళ్లే తల్లి బిడ్డను తీసుకుని ఏలూరు వస్తే, ఆటో, బస్సు చార్జీలతో పాటు ఆ రోజు కూలీ పోతుంది. పెద ఎడ్లగాడి దగ్గర వరద రోడ్డెక్కితే ఆ వారం థెరపీ లేనట్టే.

నడక పెట్టేవాళ్లు ఏం చేయొచ్చు?

నడక మొదలయ్యే చోట ఒక బల్ల వేయండి. సదరం స్లాట్, నిరామయ దరఖాస్తు, సంరక్షక ఫారం అక్కడే నింపించండి. వచ్చిన విరాళాల్లో కొంత లంక గ్రామాల పిల్లల థెరపీ ప్రయాణాలకు కేటాయించండి. ఎంతమంది నడిచారో ఎలాగూ లెక్కపెడతారు. ఆర్నెల్ల తర్వాత అందులో ఎంతమంది పిల్లలకు సర్టిఫికెట్ వచ్చిందో కూడా లెక్కపెట్టండి.

మీరు నిర్వాహకులు కాకపోతే? మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే, వచ్చే మార్చి దాకా ఆగకండి. ఈ వారమే ఆ ఇంటివాళ్లను సచివాలయానికి తోడు తీసుకెళ్లి స్లాట్ బుక్ చేయించండి.