జర్మన్ పరీక్ష: ఏది తేలికన్నది కాదు ప్రశ్న

ఇంజనీరింగు ముగించినవారి ఇళ్ళలోనూ, నర్సింగు చదివిన ఆడపిల్లల ఇళ్ళలోనూ ఇప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "జర్మన్ పరీక్షల్లో ఏది తేలిక?" గోథేనా, టెల్కా, టెస్ట్‌డాఫా అని మనవాళ్ళు చేసే చర్చలు వింటుంటే, బిట్లు బట్టీపట్టిన ఎంసెట్ నాటి అలవాటు ఇంకా వదలలేదనిపిస్తుంది. అసలు ఆ ప్రశ్నే సరైనది కాదని నా అభిప్రాయం. అడగవలసినది వేరు: రేపు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చదివేదెవరు?

ఐరోపా మండలి 2001లో వెలువరించిన ప్రమాణం ప్రకారం భాషకు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. సంస్థలు వేరైనా ఆ మెట్లు మాత్రం ఒక్కటే. కనుక ముందు తేల్చుకోవలసినది మెట్టు. సంస్థ ఆ తరువాత.

మెట్టును నిర్ణయించేది మనం వెళ్ళే పని. జర్మనీలో ఉన్న భర్త దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్ళేవారికి 2007 నుంచి సాధారణంగా ఎ1 కావాలి. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వాములకు ఆ నిబంధన లేదు. ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్‌లో వచ్చిన ఆపర్చునిటీ కార్డుకు పాయింట్ల పద్ధతిలో వెళ్ళేవారికి జర్మన్ ఎ1 గాని, ఇంగ్లీషు బి2 గాని ఉండాలి. జర్మన్ బి1 ఉంటే రెండు పాయింట్లు, బి2 ఉంటే మూడు. బ్లూ కార్డు తీసుకోవడానికి జర్మన్ రానక్కరలేదు. కాని శాశ్వత నివాసం బి1 ఉన్నవారికి 21 నెలలకు, ఎ1 మాత్రమే ఉన్నవారికి 27 నెలలకు దక్కుతుంది. భాషకు నెలల్లో వెల కట్టిన చట్టమిది!

ఇక సంస్థల సంగతి. టెస్ట్‌డాఫ్ విశ్వవిద్యాలయ ప్రవేశాల కోసం పుట్టినది. పట్టికలు, ఉపన్యాసాలు, చర్చలు దాని లోకం. ఉద్యోగానికి వెళ్ళేవారు దాని జోలికి పోవడం వంట నేర్చుకోవడానికి వ్యాకరణం చదవడం వంటిది. మన దేశంలో మాక్స్ ముల్లర్ పేరుతో పిలిచే గోథే సంస్థ పరీక్ష వీసా అధికారులందరూ ఎరిగినది. బి1 నుంచి చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలనూ విడివిడిగా రాయవచ్చు. ఒక్కొక్కదానిలో నూటికి 60 రావాలి. తప్పినదాన్ని మాత్రమే మళ్ళీ రాస్తే సరిపోతుంది. టెల్క్‌లో రాతపరీక్ష ఒకటి, మౌఖికం ఒకటి. ఒకటి పోతే దానినే తిరిగి రాయవచ్చు. అప్పు చేసి ఫీజు కట్టే ఇంటికి ఇది చిన్న విషయం కాదు. సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేకపోయినా, పాతబడినదాన్ని కొన్ని కార్యాలయాలు ఒప్పుకోవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది నర్సుల విషయం. వారి చదువును గుర్తించే అధికారం జర్మనీలో ఒక్కొక్క రాష్ట్రానిది. సాధారణంగా అడిగేది బి2. "కొద్ది నెలల్లో బి2 గ్యారంటీ" అనే ఏజెంట్ల మాట నమ్మి, నమూనా జవాబులు వల్లె వేసి గట్టెక్కినవారు ఉండవచ్చు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఇక్కడ చెల్లదు. ఏరు దాటిన తరువాతే ఆ ఓడతో అసలు అవసరం. తెల్లవారుజామున డ్యూటీ మారేటప్పుడు పదిమంది రోగుల సంగతి గబగబా ఒప్పజెబుతారు. ఫోనులో డాక్టరు మందు మోతాదు మార్చి చెబుతాడు. మతిమరుపు ముదిరిన ముసలామె తన పల్లె యాసలో ఎక్కడో నొప్పి అంటుంది. అర్థం కాకపోయినా తల ఊపితే మూల్యం చెల్లించేది రోగి.

అందుకే నా సలహా ఇది. వెళ్ళే రాష్ట్రం, ఆసుపత్రి ఖరారైతే, అక్కడి అధికారులు ఒప్పుకుంటారని లిఖితపూర్వకంగా తెలుసుకుని, టెల్క్ వారు నర్సుల కోసమే నడిపే బి1-బి2 పరీక్షను ఎంచుకోవాలి. దానికి సిద్ధపడడమే సగం ఉద్యోగశిక్షణ. ఇంకా ఏదీ ఖరారు కాకపోతే గోథే బి2 మేలు. వైద్యుల దారి వేరు: బి2 తరువాత, రోగితోనూ తోటి వైద్యుడితోనూ వృత్తి భాషలో మాట్లాడే మరో పరీక్ష వారికి ఎదురవుతుంది. జర్మన్లు భాషను ఎలా చూస్తారో ఆ ఒక్క ఏర్పాటే చెబుతుంది.

తేలికైన పరీక్ష కోసం వెతికే నాలుగు వారాలూ చదువు మీద పెడితే ఏ పరీక్షయినా కొంత తేలికవుతుంది. పరాయి దేశంలో మనం మొదట పోగొట్టుకునేది గొంతు. దాన్ని తిరిగి తెచ్చిపెట్టేది సర్టిఫికెట్ కాదు, దాని వెనుక నిజంగా వచ్చిన భాష. మీరేమంటారు?