తిరిగొచ్చిన చిల్లర

మా మేనల్లుడు ఈమధ్యే హైబ్రిడ్ కారు కొన్నాడు. మొన్న మేడ్చల్‌లో పెళ్లి భోజనం చేసి సుచిత్ర దాకా అందులోనే వచ్చాం. కండ్లకోయ దాటినప్పటి నుంచి వాడి చూపు రోడ్డు మీద కన్నా తెర మీదే ఎక్కువ. కాలు తీసిన ప్రతిసారీ చక్రం బొమ్మ నుంచి బ్యాటరీ బొమ్మకు బాణాలు పాకుతున్నాయి. "జూడు మామా, బ్రేక్ కొట్టినకొద్దీ చార్జింగ్ అయితుంది. ట్రాఫిక్ ఎంతుంటే మనకంత లాభం" అన్నాడు. ఆ మాట వాడిది కాదు, కారు అమ్మినవాడిది. అప్పటి నుంచి అది నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

లాభం ఎక్కడిదిరా? మా తరానికి సైకిల్ డైనమో గుర్తుండే ఉంటుంది. దాన్ని టైరుకు ఆనించగానే లైటు వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. ఆ బరువే ఇక్కడ బ్రేకు. చక్రాన్ని తిప్పే మోటారే, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే వేషం మార్చి డైనమో అవుతుంది. ఇప్పుడు చక్రం దాన్ని తిప్పాలి కనుక బండి నెమ్మదిస్తుంది, పుట్టిన కరెంటు బ్యాటరీకి పోతుంది. మామూలు కారులో ఆ శక్తి ప్యాడ్లను అరగదీసి, డిస్కులను కాల్చి గాలిలో కలిసేది. 1997లో జపాన్‌లో ప్రియస్ వచ్చినప్పటి నుంచీ ఉన్న పనితనమే, మెచ్చుకోవాల్సిందే. కాని వచ్చేది మనం పోసిన పెట్రోలు తాలూకు తునకే. ఐదొందల నోటిచ్చి పుచ్చుకున్న చిల్లరను ఎవరైనా సంపాదన కింద రాసుకుంటారా?

ఆ చిల్లరైనా ఎంత? ఒకటిన్నర టన్నుల కారు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దొరకగలిగింది, నష్టాలేమీ లేవనుకున్నా, 58 వాట్ అవర్లు. 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఆరు గంటలకు కాస్త తక్కువ. అదే కారు కొంపల్లి జామ్‌లో 15తో పాకుతూ ఆగితే? వేగం నాలుగో వంతైతే శక్తి పదహారో వంతు. బల్బు ఇరవై నిమిషాలు వెలుగుతుంది. అంత నెమ్మదిలో చివరి అడుగులు ఎలాగూ ప్యాడ్లవే. జామ్‌లో హైబ్రిడ్ పొదుపు చేసే మాట నిజమే, అయితే అందులో పెద్ద వాటా ఇంజిన్ ఆపుకోవడం వల్ల. బాణాలది కాదు.

బాణాలకు కావాల్సింది దూరం నుంచే కనబడే ఆగుడు, మెల్లగా తొక్కే బ్రేకు. మన దగ్గర అదెలా కుదురుతుంది? మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకుండా ఊళ్ల మీదుగా వెళ్లి చూడండి. తెల్ల గీత లేదు, బోర్డు లేదు, మలుపు తిరగ్గానే గట్టు. స్పీడ్ బ్రేకర్‌కు ఐఆర్‌సీ–99 అని ఒక కొలత ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వీపు. మనకు దొరికేది మిగిలిన తారును ఎవరో కుప్పపోసి వెళ్లిన మూరెడు గట్టు. దాని ముందు ఒక్కసారిగా కాలు బిగిస్తే మోటారు తీసుకోగలిగింది తీసుకుంటుంది, మిగతాది ప్యాడ్లు మింగుతాయి. ఈ గట్ల మీద నేను రాయడం ఇది ఎన్నోసారో లెక్కపెట్టుకోలేదు, మానను కూడా.

అసలు ఈ చిల్లర వెనక్కి రాబట్టే విద్య కారు కన్నా రైలుకు బాగా నప్పుతుంది. మన హైదరాబాద్ మెట్రో రైలు స్టేషన్లో ఆగుతూ పుట్టించిన కరెంటు పైతీగలోకి వెళ్లి, అదే సమయానికి బయల్దేరే ఇంకో రైలును లాగుతుంది. బ్యాటరీ మోసే పనే లేదు. కాని మా వైపు ముందు వచ్చింది రోడ్డే: శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ రోడ్డు కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. ఇటు మేడ్చల్‌కూ అటు శామీర్‌పేటకూ మెట్రో అని 2025 కొత్త సంవత్సరం రోజున ప్రకటించారు. అప్పటి నుంచి డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) అనే మూడక్షరాలు మా వీధి పిల్లలకు కూడా నోటికొచ్చాయి. ముందు రోడ్డు, తర్వాత రైలు అనే ఈ వరసే నాకు మింగుడుపడదు. రోడ్డు వెడల్పయితే మా మేనల్లుడి లాంటి వాళ్లు ఇంకో కారు కొంటారు, అంతే.

ఆ రోజు సుచిత్ర దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయి. ఇంజిన్ ఆగి ఉంది, ఏసీ మాత్రం బ్యాటరీని తాగుతోంది. కాసేపటికి కదలకుండానే ఇంజిన్ గుర్రుమంది. తెర మీద బాణం మళ్లీ వచ్చింది, ఈసారి ఇంజిన్ బొమ్మ నుంచి బ్యాటరీకి.

"ఇదేం లాభంరా?" అన్నాను.

వాడు మాట్లాడకుండా తెర మీద మ్యాప్ పెట్టాడు. సుచిత్ర అంతా ఎర్రగా ఉంది.