చదరంగం గళ్లలో పద్యం

బన్సీలాల్‌పేట్‌లో ఓ ఇంటి అరుగు మీద ఇద్దరు పిల్లలు చదరంగం ఆడుతున్నారు. పక్కనే పేపరు చదువుతున్న తాతయ్య ఓ లెక్క వేశారు. "మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకీ ఎన్ని బియ్యం కావాలిరా?"

"ఓ బస్తా చాలు తాతయ్యా" అన్నాడు చిన్నోడు.

వాడిని తప్పు పట్టలేం. పది గళ్లు నిండేసరికి అయ్యేది 1,023 గింజలు... గుప్పెడు! గింజ 25 మిల్లీగ్రాముల లెక్కన ఇరవై గళ్లకి అయ్యేది సుమారు 26 కిలోలే. అసలు కథ ఆ తర్వాతే. 64 గళ్లకీ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. అంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఎనిమిది వందల ఏళ్లు పండించినా చాలదు!

ఈ ఇరవై అంకెల సంఖ్యని మనవాళ్లు ఎప్పుడో పద్యంలో పెట్టేశారు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మీద ఆ పద్యం ప్రచారంలో ఉంది. అందులో ఒక్క అంకె కూడా నేరుగా కనిపించదు. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలు 4, బాణాలు 5, కొండలు 7, ఏనుగులు 8, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి. పద్యంలో చివర వచ్చేవి ఏనుగు, చంద్రుడు. అందుకే సంఖ్య 18తో మొదలవుతుంది. నోటికి వచ్చిన పద్యంలో ఓ మాట మారితే ఛందస్సు తప్పి, చెవికి తెలిసిపోతుంది. అంకెలకి అదే కాపలా.

సరే, ఈ సంఖ్యని విడదీసి చూద్దామా? చివర 5 ఉంది కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది. మొత్తంగా చూస్తే ఇది 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. వీటిలో ఏ సంఖ్యలోంచైనా ఒకటి తీసి, వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తర్వాతి సంఖ్య వస్తుంది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా అది చూసి, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకున్నాడు. 1732లో ఆయిలర్ ఆరోదాన్ని పట్టుకుని 641తో భాగించాడు. శేషం లేకుండా 67,00,417 వచ్చింది!

మొదటి గళ్లు చూసి బస్తా చాలన్న చిన్నోడూ, మొదటి ఐదు సంఖ్యలు చూసి అన్నీ అంతేనన్న ఫెర్మా కూడా ఒకే చోట పొరబడ్డారు. ఇవాళ్టికి మీ ఇంట్లో పిల్లలకి ఓ పని. 641ని 67,00,417తో గుణించి చూడమనండి. క్యాలిక్యులేటర్ వద్దు, కాగితం మీదే!