అల్లర్ల ఊరికి చుట్టపుచూపు

కరాచీలో మేనత్తో, పినతల్లో, మేనమామ పిల్లలో ఉన్న కుటుంబాలు మన హైదరాబాదులో ఈనాటికీ ఉన్నాయి. 1948 తర్వాత అక్కడికి వెళ్లిపోయిన మనవాళ్లు హైదరాబాద్ కాలనీ అని ఒక పేటనే కట్టుకున్నారు. బహదూరాబాద్ అనే మరో పేటకు నవాబ్ బహదూర్ యార్ జంగ్ పేరు పెట్టారు. ఖట్టీ దాల్, బఘారా బైంగన్ మానలేదు. మన యాసా మానలేదు. ఆ యాసే వాళ్లకు ఒక దశలో ముప్పు కూడా అయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కరాచీ మండిన ప్రతిసారీ ఈ కుటుంబాల్లో ఒకే ప్రశ్న: వెళ్లాలా, మానాలా? 1986 డిసెంబరులో మండింది. 1995 ఏడాది పొడవునా మండింది. 2007 మే 12న ప్రధాన న్యాయమూర్తి విమానాశ్రయం దాటి ఊళ్లోకి రాలేకపోయిన రోజున నలభై మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 27న బేనజీర్ భుట్టో హత్య తర్వాత రోజుల తరబడి వాహనాలు తగలబడ్డాయి. ఊరు కాలుతుంటే చుట్టరికాలేమిటని పెద్దలు అడ్డుపడతారు. ప్లేగు సోకిన షామ్ దేశపు పొలిమేర నుంచి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగిన సంగతిని గుర్తుచేస్తారు. మంచిదే. కాని ప్లేగును బాటసారి వెంట తీసుకుపోతాడు, అల్లర్లను తీసుకుపోడు. అక్కడి కొలతను ఇక్కడ తెచ్చిపెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఇక్కడ చూడవలసింది వేరే: మన రాకతో ఎవరి నెత్తిన ఎంత బరువు పడుతుంది?

కరాచీలో హర్తాళ్ అంటే పహియా జామ్. బస్సు, రిక్షా, ట్యాక్సీ, ఏ చక్రమూ తిరగదు. అయినా ఇండియా నుంచి వచ్చిన చుట్టం ఇరవై నాలుగు గంటల్లోగా పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. వీసా మీద ఆ షరతు ఉంటుంది. ఊరు బందైందని ఆ షరతు ఆగదు. ముసలి ఖాలాను ఒంటరిగా పంపుతారా? ఇంటి కుర్రవాడు తోడు వెళ్లాలి. 1995లో ఆ కుర్రవాడి పరిస్థితి ఏమిటి? ముహాజిర్ల పేటలను పోలీసులు, రేంజర్లు చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికేవారు. యువకులను వరుసగా కూర్చోబెట్టి కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయేవారు. మరోవైపు గోనెసంచుల్లో శవాలు దొరికేవి. పఠాన్, ముహాజిర్, సింధీ అంటూ భాషనుబట్టి మనిషిని లెక్కగట్టిన రోజులవి. నోరు తెరిచి ‘నక్కో’, ‘హౌ’ అంటే చాలు, ఎవరో ఏ పేటవారో తెలిసిపోతుంది. ముసలి చుట్టాన్ని పాస్‌పోర్టు చూసి వదిలేస్తారేమో, పక్కనున్న పందొమ్మిదేళ్ల వాడిని వదలరు.

అందుకే అంటున్నాను. పెళ్లికో ముచ్చటకో అయితే ఆగండి, ఊరు చల్లబడ్డాక వెళ్లండి. చావుబతుకుల్లో ఉన్న మనిషి కోసమైతే వెళ్లండి, ఎవరు కాదన్నా వెళ్లండి. వెళ్లాక ఇంట్లోనే కూర్చోండి. తారిఖ్ రోడ్డులో బట్టలు కొనాలని, క్లిఫ్టన్ సముద్రం చూడాలని అడగకండి. చుట్టం అడిగితే కాదనడం మర్యాద కాదని వాళ్లు తీసుకెళతారు, అదే చిక్కు. అక్కడి పార్టీలను గురించి తీర్పులూ వద్దు. మనం పదిహేను రోజుల్లో తిరిగి వచ్చేస్తాం. ఆ మాటలు పక్కింటివాళ్ల చెవిన పడితే అక్కడే ఉండేది వాళ్లు.

ఇక ప్రభుత్వాల సంగతి. కరాచీలో మన కాన్సులేటు, ముంబయిలో వారి కాన్సులేటు 1994లో మూతపడ్డాయి. ముంబయి నుంచి కరాచీ తొమ్మిది వందల కిలోమీటర్లు కూడా లేదు. అయినా మనవాళ్లు ఢిల్లీ, అట్టారీ, లాహోర్ చుట్టి, అక్కడి నుంచి మళ్లీ పన్నెండు వందల కిలోమీటర్లు రైల్లో పోవలసి వచ్చింది. 2006లో మునాబావ్ మీదుగా థార్ ఎక్స్‌ప్రెస్ వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. 2019 ఆగస్టులో అదీ ఆగింది. అరవై అయిదేళ్లు దాటినవారికి సరిహద్దులోనే వీసా ఇస్తామని 2012లో ఒప్పందం రాసుకున్నారు, 2013 జనవరిలో మొదలుపెట్టవలసిన రోజునే వాయిదా వేశారు. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్‌లో 26 మందిని పొట్టన పెట్టుకున్న ఘోరం తర్వాత అట్టారీ దారి మూశారు, వీసాలు రద్దయ్యాయి. ఆ హంతకులకు ఏ శిక్ష వేసినా తక్కువే. కాని 2008లో ముంబయి మీదికి వచ్చినవాళ్లు సముద్రం మీద పడవలో వచ్చారు, వీసా అడగలేదు. వీసా అడిగేది మోకాళ్ల నొప్పులతో వరుసలో నిలబడే ఫూఫీ, ఖాలా.

వరుసలన్నీ తెరవమని అడగడం లేదు. ఒక్క కిటికీ చాలు. తల్లి, తండ్రి, తోబుట్టువు మరణశయ్య మీద ఉన్నారని ఆసుపత్రి కాగితం చూపినవారికి, రెండు వైపులా పోలీసు విచారణ జరిపి, మూడు రోజుల్లో వీసా ఇవ్వాలి. వారం రోజులకిచ్చినా సరే. జనాజాను ఫోను తెరమీద చూసి, ఫోను పక్కన పెట్టి, చేతులెత్తి దుఆ చేసుకునే ఇళ్లు హైదరాబాదులోనూ ఉన్నాయి, కరాచీలోనూ ఉన్నాయి.