వార్షిక లక్ష్యాలు – ఆదిత్యపూర్ నేర్పిన పాఠం

ఆర్థిక సంవత్సరం ముగింపుకు వచ్చినదనగానే ప్రతి విభాగంలోను రెండు పనులు ఒకేసారి మీదపడతాయి. నడుస్తున్న సంవత్సరపు లక్ష్యాన్ని మార్చి 31 లోగా అందుకొనుట మొదటిది. రాబోవు సంవత్సరానికి లక్ష్యాలు నిర్ణయించుట రెండవది. మొదటిదానికై పడే హడావిడిలో రెండవదానికి తీరిక చిక్కదు. అందుచేత గత సంవత్సరపు అంకెకు పదిశాతం కలిపి, దానికే ప్రణాళిక అని పేరుపెట్టుట పరిపాటి అయినది. ఈ అలవాటు ఎంత ఖరీదైనదో తెలుపుటకు మేము నివసిస్తున్న ఆదిత్యపూర్ అనుభవాన్ని పాఠక మిత్రుల ముందుంచుతున్నాము.

జంషెడ్‌పూర్‌కు ఖర్‌కాయి నది ఆవలి ఒడ్డున ఉన్నది ఆదిత్యపూర్. ఇచ్చటి పారిశ్రామిక వాడలో వేయికి పైగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలు కలవు. ఫోర్జింగు, కాస్టింగు, మెషీనింగు, ప్రెస్సు పనులు చేసే ఈ షెడ్లలో అధికభాగం జంషెడ్‌పూర్‌లో తయారయ్యే టాటా మోటార్స్ లారీలకు విడిభాగాలు అందించేవే. ఉత్తరాంధ్ర నుండి తరతరాలుగా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ జంట పట్టణాల పరిశ్రమలపై ఆధారపడి జీవిస్తున్నవి.

2018-19 ఈ వాడకు మంచి సంవత్సరం. దేశంలో వాణిజ్య వాహనాల అమ్మకాలు ఆ ఏడాది 10 లక్షలు దాటినవి. మరుసటి సంవత్సరానికి అలవాటు చొప్పున పదిశాతం కలిపినవారికి 11 లక్షలు కనిపించి ఉండును. 2019-20లో అమ్ముడైనవి 7 లక్షల 17 వేలు మాత్రమే. భారీ, మధ్యతరహా వాణిజ్య వాహనాలలో తగ్గుదల దాదాపు 42 శాతం. 2019 జులై, ఆగస్టు నెలలలో లారీల కర్మాగారం కొన్ని రోజులు ఉత్పత్తి నిలిపినపుడల్లా ఆదిత్యపూర్‌లో షెడ్ల తలుపులు మూతపడినవి. ముందుగా పని పోయినది కాంట్రాక్టు కార్మికులకు.

ఈ పతనాన్ని ముందుగా ఊహించుట సాధ్యమేనా? 2018 డిసెంబరు నాటికే అందరికీ తెలిసిన మూడు విషయాలను గమనించండి. ఆ ఏడాది జులైలో కేంద్ర ప్రభుత్వం లారీల ఇరుసు భార పరిమితిని పెంచినది. మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగినది. ఖాళీ లారీ బరువు 8 టన్నులనుకొన్నచో, సరుకు 17 టన్నుల నుండి 20.5 టన్నులకు పెరిగినట్లు. అనగా ఆరు లారీల సరుకును ఐదు లారీలు మోయగలవు. సెప్టెంబరులో ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. సంస్థ అప్పులు చెల్లించలేకపోవుటతో, లారీ యజమానులకు రుణాలిచ్చే ఫైనాన్సు కంపెనీలకు నిధులు కరవైనవి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4 వాహనాల అమ్మకం కుదరదని అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది.

ఈ మూడవ విషయాన్ని పలువురు శుభసూచకంగానే భావించినారు. కొత్త వాహనాల ధరలు పెరుగును గనుక, గడువు లోపుననే కొనుగోళ్ళు ముమ్మరమగునని వారి ఆశ. ఆ ఆశ నిర్హేతుకమైనది కాదు. అయితే చేతిలో ఉన్న ఐదు లారీలే ఆరింటి పని చేయుచుండగా, అప్పు పుట్టని యజమాని కొత్తది ఎట్లు కొనగలడు? మూడు విషయాలను ఒకే కాగితంపై పక్కపక్కన వ్రాసి చూచినవారికి ఈ ప్రశ్న తట్టి ఉండును. ప్రశ్న తట్టినంతమాత్రాన ఆర్డర్లు వచ్చునని మేము చెప్పము. కాని బ్యాంకు అప్పుతో కొత్త యంత్రం కొనుటను ఒక సంవత్సరం వాయిదా వేయుటకు, జీతాలకు కొంత నగదు నిలువ ఉంచుటకు వ్యవధి దొరికి ఉండును.

ప్రభుత్వరంగ సంస్థలకు ఈ పాఠం వర్తించదని అనుకొనరాదు. అర్జున్ సేన్‌గుప్తా కమిటీ సిఫారసుల ననుసరించి 1987-88లో మొదలైన అవగాహన పత్రాల పద్ధతి మనకు వార్షిక లక్ష్యాలను అలవాటు చేసినది. ఆ అంకెలు పై నుండి వచ్చినను, వాటిని షాపు స్థాయికి, నెలల స్థాయికి విడగొట్టవలసినది మనమే. ఆ పనిలో నాలుగు సూత్రాలు ఉపకరించునని మా నమ్మకం.

ఒకటి: మన చేతిలో ఉన్నవాటిని, లేనివాటిని వేరుచేయవలెను. తిరస్కృతుల శాతం, బ్రేక్‌డౌన్ గంటలు, సరుకు పంపుటలో జాప్యం మన చేతిలోనివి. ఆర్డర్లు మన చేతిలో లేవు.

రెండు: రాబోవు పన్నెండు నెలలలో అమలులోకి రానున్న నిబంధనలను, గడువులను తేదీలతో సహా లక్ష్యాల పట్టికలోనే చేర్చవలెను.

మూడు: ఆర్డర్లు సగానికి తగ్గినచో ఏమి చేయుదుమో ముందే వ్రాసి ఉంచవలెను. క్రేనును రూపొందించునపుడు భద్రతా గుణకం లేకుండ ఏ ఇంజనీరూ సంతకం చేయడు; మనుషుల బ్రతుకుదెరువుకు మాత్రం అది అక్కరలేదా? 2020 మార్చి 25న వచ్చిన లాక్‌డౌన్‌ను ఏ పట్టికా ముందుగా చూపి ఉండదు. అటువంటి దినాలకు ఈ రెండవ అంకెయే ఆధారం.

నాలుగు: మార్చిలో లక్ష్యం కొరకు యంత్రాల మరమ్మతును వాయిదా వేయరాదు. అట్లు సాధించిన టన్నులు ఏప్రిల్, మే నెలల ఖాతా నుండి తెచ్చుకొన్న చేబదులే.

మూడు నెలలకొకసారి ఆ కాగితాన్ని తిరిగి తీసి చూచి, మారిన పరిస్థితిని బట్టి అంకెను సవరించుకొనుటలో చిన్నతనమేమియు లేదు. మిత్రులు తమ విభాగాలలో లక్ష్యాలు నిర్ణయించే పద్ధతిని మాకు వ్రాసి పంపినచో రాబోవు సంచికలలో చర్చించుకొందము. కొత్త ఆర్థిక సంవత్సరం అందరికీ శుభప్రదమగు గాక!